మార్కెట్ సర్వే: ప్రశ్నకి తగ్గ స్కేలు, స్కేలుకి తగ్గ లెక్క

సర్వే పూర్తయి ఎక్సెల్ షీటు చేతికొచ్చాక "ఇప్పుడు దీంతో ఏం లెక్క వెయ్యాలి?" అని అడిగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. ఏ లెక్క వెయ్యొచ్చో, ఏది వెయ్యకూడదో ప్రశ్న రాసిన రోజే తేలిపోతుంది. "నెలకి ఎంత ఖర్చు పెడతారు?" అన్న ప్రశ్న కింద "తక్కువ, మధ్యస్థం, ఎక్కువ" అని మూడు గడులు పెడితే, తర్వాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా సగటు ఖర్చు ఎన్ని రూపాయలో చెప్పలేదు. అందుకే కొలమానాలనీ విశ్లేషణనీ విడివిడి పాఠాలుగా కాకుండా కలిపే చూడాలి.

ఇక్కడ మొత్తం ఒకే ఉదాహరణతో నడుద్దాం. విజయవాడలో ప్యాకెట్ ఇడ్లీ, దోసెల పిండి అమ్మాలనుకునే ఒక చిన్న సంస్థ 200 ఇళ్ళలో సర్వే చేస్తోంది. ఇందులో సర్వే ఫలితాలుగా ఇచ్చిన అంకెలన్నీ లెక్క చూపించడానికి అనుకున్నవే. పద్ధతి మాత్రం సబ్బుకైనా, ట్యూషన్ సెంటరుకైనా ఇదే.

ముందు ఖాళీ పట్టికలు

ప్రశ్నావళి మొదలుపెట్టే ముందు, ఈ సర్వేతో తీసుకోవాల్సిన నిర్ణయాలేవో కాగితం మీద రాయండి. మన సంస్థకి మూడున్నాయి. అర కేజీ ప్యాకెట్టా, కేజీ ప్యాకెట్టా? కిరాణా కొట్లకి వెయ్యాలా, అపార్ట్‌మెంట్లకి నేరుగా పంపాలా? ప్రచారం ఎవరి కోసం? ఒక్కో నిర్ణయానికి ఏ పట్టిక కావాలో గీసి గడులు ఖాళీగా ఉంచండి. ఉదాహరణకి మూడో నిర్ణయానికి, "ఇంట్లో వంట చేసేవారు బయట ఉద్యోగం చేస్తున్నారా" అన్నది నిలువు వరసల్లో, "గత 7 రోజుల్లో ప్యాకెట్ పిండి కొన్నారా" అన్నది అడ్డు వరసల్లో పెట్టాలి. ఆ గడులు నిండడానికి ఏం అడగాలో అవే మీ ప్రశ్నలు. ఏ పట్టికలోకీ రాని ప్రశ్నని, ఎంత ముచ్చటగా ఉన్నా తీసెయ్యండి. గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగే సర్వే పావుగంట దాటితే చివరి ప్రశ్నల జవాబుల్ని నమ్మలేం. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన ఆవిడ, మీరేం చదివినా "ఆ, సరే" అనేస్తుంది.

నాలుగు కొలమానాలు

1946లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్. ఎస్. స్టీవెన్స్ చేసిన విభజననే ఇప్పటికీ వాడుతున్నాం: నామినల్, ఆర్డినల్, ఇంటర్వల్, రేషియో.

నామినల్‌లో అంకె ఒట్టి పేరు. ఏ బ్రాండు పిండి కొంటారు అన్నదానికి 1, 2, 3 అని కోడ్లు ఇస్తాం. అవి సిటీ బస్సు రూటు నంబర్లలాంటివి; 5వ నంబరు బస్సు 10వ నంబరు బస్సులో సగం కాదు. ఇక్కడ చెయ్యగలిగింది లెక్కపెట్టడం, శాతాలు తియ్యడం, ఎక్కువమంది చెప్పిన జవాబేదో చూడటం. ఎక్సెల్‌ని అడిగితే సగటు బ్రాండు 2.3 అని కూడా చెబుతుంది. దాన్ని ఆపే బాధ్యత మనది.

ఆర్డినల్‌లో వరస తెలుస్తుంది, మెట్ల మధ్య దూరం తెలియదు. ర్యాంకులు, చదువు స్థాయి, ఆదాయ శ్లాబులు ఈ కోవలోవే. మన దేశంలో మార్కెట్ పరిశోధన సంస్థలు 2011లో తెచ్చుకున్న ఎన్‌సీసీఎస్ (న్యూ కన్స్యూమర్ క్లాసిఫికేషన్ సిస్టమ్) వర్గీకరణ దీనికి మంచి ఉదాహరణ. కుటుంబంలో ప్రధానంగా సంపాదించే మనిషి చదువు, 11 వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయి, ఈ రెంటినీ బట్టి ఏ1 నుంచి ఈ3 దాకా 12 తరగతులు. ఏ1 ఇల్లు ఏ2 కంటే పైన అనగలం. ఏ1కీ ఏ2కీ మధ్య ఎంత తేడా ఉందో డీ1కీ డీ2కీ మధ్య కూడా అంతే ఉందని అనలేం. కాబట్టి ఆర్డినల్ డేటాకి మధ్యగతం (విలువల్ని వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ పడేది), పర్సంటైల్స్ (కింద నుంచి ఎంత శాతం మంది ఎక్కడిదాకా ఉన్నారో చెప్పేవి) వాడాలి. రెండు గుంపుల్ని పోల్చడానికి మాన్-విట్నీ పరీక్ష, రెండు వరసల మధ్య సంబంధానికి స్పియర్‌మన్ గుణకం ఉన్నాయి.

ఇంటర్వల్‌లో మెట్లు సమానం, కానీ సున్నా అంటే "ఏమీ లేదు" అని కాదు. సెల్సియస్ ఉష్ణోగ్రత అలాంటిది: 40 డిగ్రీలు 20కి రెట్టింపు వేడి కాదు. సర్వేల్లో వాడే 5 పాయింట్ల రేటింగుని ఇందులో చేర్చాలా, ఆర్డినల్‌లో చేర్చాలా అన్న వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. ఆచరణలో అందరూ సగటు తీస్తారు. ఒకే ప్రశ్నని రెండు గుంపుల మధ్య పోల్చేటంత వరకూ అది ఫర్వాలేదు, పక్కనే పూర్తి పంపకం, అంటే ఏ అంకె ఎంతమంది ఇచ్చారో, చూపిస్తే. "4 ఇచ్చినవాళ్ళు 2 ఇచ్చినవాళ్ళ కంటే రెట్టింపు సంతృప్తిగా ఉన్నారు" అనడం మాత్రం ఎప్పటికీ తప్పే.

రేషియోకి నిజమైన సున్నా ఉంటుంది. రూపాయలు, ప్యాకెట్లు, కేజీలు, రోజులు. అన్ని లెక్కలూ చెల్లుతాయి.

దీన్నుంచి వచ్చే పని సూత్రం: వీలైనంత పై స్థాయిలో అడగండి. వయసుని నిండిన సంవత్సరాల్లో అడిగితే తర్వాత ఏ శ్లాబులు కావాలంటే అవి చేసుకోవచ్చు. శ్లాబుల్లో అడిగితే వెనక్కి వెళ్ళే దారి లేదు. ఆదాయం ఒక్కటీ మినహాయింపు. సరిగ్గా ఎంతో గుమ్మం దగ్గర ఎవరూ చెప్పరు. కార్డు మీద శ్లాబులు చూపించి అక్షరం చెప్పమనాలి. అక్కడ "10,000–20,000, 20,000–30,000" అని రాస్తే సరిగ్గా 20,000 తెచ్చుకునే మనిషి ఎక్కడ పడతాడు? రెండో శ్లాబు 20,001 నుంచి మొదలవ్వాలి. "1,00,000 ఆ పైన" లాంటి చివరి గడికి నడిమి విలువ ఉండదు కాబట్టి ఈ డేటాతో సగటు ఆదాయం లెక్కకట్టే ఆలోచన మానుకోవాలి.

వాడకం అడిగేటప్పుడు గడువు పెట్టండి. "సాధారణంగా వారానికి ఎన్ని ప్యాకెట్లు?" అంటే మనిషి తన గురించి తను అనుకునేది చెబుతుంది. "గత 7 రోజుల్లో ఎన్ని?" అంటే గుర్తుచేసుకుని చెబుతుంది. ఆ 7 రోజుల్లో సంక్రాంతో దసరానో పడకుండా తేదీలు చూసుకోవాలి. ఎలా అడిగినా జనం 50, 100 లాంటి గుండ్రటి అంకెలే చెబుతారు, వయసైతే 30, 35, 40 దగ్గర పోగుపడుతుంది. అందుకని తర్వాత శ్లాబులు కట్టేటప్పుడు 30, 35 లాంటి అంకె శ్లాబు అంచున కాకుండా మధ్యలో పడేలా చూడండి.

స్కేలు రాయడం

అందరికీ తెలిసింది లైకర్ట్ స్కేలు. 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించాడు. ఒక వాక్యం ఇచ్చి "గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, అటూ ఇటూ కాదు, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను" అని ఐదు జవాబులు పెడతాం. తెలుగులో దీన్ని అడిగేటప్పుడు మూడు చోట్ల దెబ్బతింటాం.

మొదటిది నడిమి గడి. అక్కడ "పర్వాలేదు" అని రాయకండి. బాగుందని చెప్పేవాళ్ళూ, బాగోలేదని మొహం మీద అనలేనివాళ్ళూ ఇద్దరూ అదే మాట అంటారు. రెండోది వ్యతిరేక వాక్యం. "ఈ పిండి త్వరగా పులవదు" అని చదివితే "అవును" అన్నా "లేదు" అన్నా "పులవదు" అనే అర్థం రావచ్చు. "ఈ పిండి రెండో రోజుకే పులిసిపోతుంది" అని సూటిగా అడగండి. మూడోది జంట వాక్యం: "ఈ పిండి రుచిగా, శుభ్రంగా ఉంది". రుచి నచ్చి శుభ్రం మీద అనుమానం ఉన్నవాళ్ళు దీనికేం చెప్పాలి?

అసలు ఒప్పుకుంటారా లేదా అనే రూపమే తలూపించే రూపం. వచ్చిన అతిథికి ఎదురు చెప్పడం ఇష్టంలేక, అందులోనూ పిండి ఉచితంగా ఇచ్చి ఉంటే, చాలామంది ఒప్పుకునే వైపే మొగ్గుతారు. దానికంటే గుణం గురించే నేరుగా అడగడం మేలు: "పులుపు ఎలా ఉంది? మరీ తక్కువ, కొంచెం తక్కువ, సరిపోయింది, కొంచెం ఎక్కువ, మరీ ఎక్కువ." ఆహార పదార్థాల సర్వేలకి ఇది చాలా పనికొస్తుంది, కానీ ఒక షరతు మీద. దీనికి సగటు తియ్యకూడదు. సగంమంది మరీ పులుపు అనీ సగంమంది మరీ చప్పగా ఉందనీ చెప్పినా సగటు 3 వస్తుంది, రిపోర్టులో "పులుపు సరిగ్గా సరిపోయింది" అని పడుతుంది, ఆ పిండి ఒక్కరికీ నచ్చకపోయినా. ఇక్కడ మూడు శాతాలే చూడాలి: తక్కువ అన్నవాళ్ళు, సరిపోయింది అన్నవాళ్ళు, ఎక్కువ అన్నవాళ్ళు.

స్కేలు రెండు వైపులా సమానంగా ఉండాలి. "అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, సాధారణం, బాగోలేదు" అంటే మూడు మెచ్చుకోళ్ళకి ఒక్క తెగడ్త. ఫలితం ముందే రాసిపెట్టుకున్నట్టు. ఐదు గడులకీ మాటలు రాయండి. రెండు చివర్లకే మాటలు రాసి మధ్యలో అంకెలు వదిలేస్తే ఒక్కొక్కరి 3 ఒక్కో రకంగా ఉంటుంది. ఫోన్‌లో, ముఖాముఖిలో 5 పాయింట్లు చాలు. చదువుకుని తామే నింపేవాళ్ళకి 7 పెట్టొచ్చు. వాట్సాప్‌లో పంపే ఫారంలో జవాబుల్ని నిలువుగా పేర్చండి. అడ్డంగా పెడితే చిన్న తెర మీద చివరి గడులు కనపడవు.

"తెలియదు", "వాడలేదు" అన్నవాటికి స్కేలు బయట వేరే గడి ఉండాలి. లేకపోతే వాళ్ళంతా 3 దగ్గర చేరి మధ్యస్థ అభిప్రాయమున్న వాళ్ళలా కనిపిస్తారు. ఇక జవాబుల జాబితా చదివి వినిపిస్తే చివర్న విన్నవాటికి, కార్డు చూపిస్తే మొదట కనిపించినవాటికి మొగ్గు ఉంటుంది. బ్రాండ్ల జాబితాని సగం ఫారాల్లో తలకిందులు చేస్తే ఆ మొగ్గు రెండు వైపులా పంచుకుపోతుంది.

మిగతా స్కేళ్ళు అవసరాన్ని బట్టి. "ఖరీదైనది – చవకైనది" లాంటి ఎదురుబొదురు విశేషణాల మధ్య 7 గళ్ళు పెట్టే సెమాంటిక్ డిఫరెన్షియల్ బ్రాండ్ల బొమ్మ గియ్యడానికి మంచిది. ర్యాంకులు ఇవ్వమంటే 5 అంశాలు దాటకండి. రెండేసి చొప్పున పోల్చమనే పద్ధతిలో ప్రశ్నలు త్వరగా పెరిగిపోతాయి: 4 బ్రాండ్లకి 6 జతలు, 8 బ్రాండ్లకి 28.

రుచి, ధర, తాజాదనం, దగ్గర్లో దొరకడం – వీటిలో ఏది ఎంత ముఖ్యమో తెలియాలంటే పంపకం స్కేలు వాడండి. పుస్తకాల్లో 100 పాయింట్లు పంచమంటారు. గుమ్మం దగ్గర అది కుదరదు. మొత్తం 90 వస్తుంది, 115 వస్తుంది. 10 చింతపిక్కలు చేతిలో పెట్టి, నాలుగు కార్డుల మీద పంచమనండి. మొత్తం లెక్క తప్పు రాదు, అక్షరాలు రానివాళ్ళు కూడా బొమ్మ చూసి పెట్టగలరు, పైగా 6 పిక్కలు 3కి రెట్టింపు అని ధైర్యంగా చెప్పొచ్చు. అన్నిటికీ "చాలా ముఖ్యం" అని టిక్కులు పడే మామూలు రేటింగు కంటే ఇది ఎంతో ఎక్కువ చెబుతుంది.

"ఈ పిండి కొంటారా?" అన్న ప్రశ్నకి వచ్చే "తప్పకుండా కొంటాను" శాతాన్ని అమ్మకాల అంచనాగా తీసుకోకండి. అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఇప్పటికే మార్కెట్లో ఉన్న పిండికీ అదే ప్రశ్న అదే స్కేలు మీద అడిగి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఫారం తయారయ్యాక 10 నుంచి 15 మంది దగ్గర పరీక్షించండి. పుస్తక భాష ఎక్కడ గుచ్చుకుంటుందో పైకి చదివితేనే తెలుస్తుంది. "మీ వినియోగ పౌనఃపున్యం" అని ఒక్కసారి వంటింట్లో చదివి చూడండి.

ఎంతమంది, ఎవరు

శాతం అంచనాకి శాంపిల్ లెక్క సులువు. 1.96ని (95 శాతం నమ్మకానికి వాడే అంకె) వర్గం చేసి, 0.5 × 0.5తో గుణించి, ఒప్పుకోగల దోషం వర్గంతో భాగించాలి. దోషం 5 శాతం పాయింట్లయితే 384.16, అంటే 385 మంది. 100 మందితో దోషం సుమారు ±10 పాయింట్లు, 200తో ±7, 400తో ±5, 1,000తో ±3. దోషం సగం కావాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. పోల్చబోయే ప్రతి గుంపుకీ ఇదే లెక్క వర్తిస్తుంది. 200 మందిని ఐదు ప్రాంతాలుగా చీలిస్తే ఒక్కో ప్రాంతంలో 40 మందే మిగులుతారు, అక్కడ దోషం ±15 దాటుతుంది.

ఈ ± అంకెలు శాంపిల్‌ని యాదృచ్ఛికంగా తీసినప్పుడే చెల్లుతాయి. తెలిసిన వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంపి 1,000 జవాబులు తెచ్చుకున్నా దానికి ±3 అని రాసుకునే హక్కు రాదు. మన సర్వేకి బెంజ్ సర్కిల్ దగ్గరి సూపర్‌మార్కెట్ల ముందు నిలబడితే సరిపోదు. పటమట, సత్యనారాయణపురం, భవానీపురం, అజిత్‌సింగ్ నగర్, వన్ టౌన్ లాంటి వేర్వేరు తరహా ప్రాంతాల్లో వీధులు చీట్లు తీసి ఎంచుకోండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి ప్రతి ఐదో ఇల్లూ అడగండి. ఒకే అపార్ట్‌మెంట్లో ఐదు ఇళ్ళకి మించొద్దు, పక్కింటివాళ్ళ అలవాట్లు ఒకేలా ఉంటాయి. పొద్దున 11 గంటలకి మాత్రమే తిరిగితే ఉద్యోగాలకెళ్ళేవాళ్ళు శాంపిల్లోకే రారు. తాళం వేసిన ఇంటికి సాయంత్రం 6 తర్వాతో ఆదివారమో మళ్ళీ వెళ్ళాలి. తలుపు తియ్యని ఇంటిని వెంటనే వదిలేసి పక్కింటికి పోవడమే శాంపిల్ పాడవడానికి అతి పెద్ద కారణం.

ఫారాల నుంచి షీటులోకి

ఒక ఇల్లు ఒక వరస, ఒక ప్రశ్న ఒక కాలమ్. ప్రతి ఫారానికీ వరస నంబరు. ఫోన్ నంబర్లు, పేర్లు వేరే ఫైల్లో తాళం వేసి ఉంచండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉన్నా లేకున్నా అదే మర్యాద. ఒకటికి మించి జవాబులొచ్చే ప్రశ్నకి ("పిండి ఎక్కడెక్కడ కొంటారు?") ప్రతి జవాబుకీ ఒక కాలమ్ పెట్టి 1 లేదా 0 వెయ్యండి. ఒకే గడిలో "1,3,4" అని కొడితే తర్వాత లెక్కపెట్టలేక ఏడవాలి.

"చెప్పలేదు" అన్నదానికి 99 కోడు వెయ్యడం పాత అలవాటు. అది చేసే నష్టం చూడండి. 5 పాయింట్ల రేటింగులో 195 మంది సగటు 3.6 అనుకుందాం, మొత్తం 702. మిగతా ఐదుగురి 99లు కలిస్తే 1,197. 200తో భాగిస్తే 5.99. ఐదు పాయింట్ల స్కేలు మీద ఆరు, వెంటనే పట్టుబడుతుంది. అదే 99 "వారానికి పిండి ఖర్చు" కాలమ్‌లో పడితే అచ్చం 99 రూపాయల్లాగే కనిపిస్తుంది, ఎవ్వరూ గుర్తుపట్టరు. ఆ కాలమ్‌లో రావడానికి వీల్లేని కోడు, అంటే మైనస్ 9 లాంటిది, వాడండి. లెక్క మొదలుపెట్టే ముందు దాన్ని ఖాళీగా మార్చండి. ఖాళీకీ సున్నాకీ తేడా కూడా కాపాడాలి. "కొనలేదు" సున్నా, "గుర్తులేదు" ఖాళీ. ఎక్సెల్ సగటు ఖాళీల్ని వదిలేస్తుంది, సున్నాల్ని కలుపుతుంది.

తర్వాత శుభ్రం చెయ్యడం. ప్రతి కాలమ్ కనిష్ఠం, గరిష్ఠం చూడండి. 1–5 ప్రశ్నలో 33 ఉంటే ఫారం తియ్యండి. పిండి కొననే కొనమన్నవాళ్ళకి బ్రాండు ఎలా వచ్చిందో చూడండి. పది రేటింగులకీ ఒకే అంకె పడ్డ ఫారాల్ని వేరు చెయ్యండి. వ్యతిరేకార్థం వచ్చే వాక్యానికి కూడా అదే జవాబుంటే ఆ మనిషి వినలేదు, లేదా సర్వేయర్ అడగలేదు. కనీసం పదో వంతు ఇళ్ళకి మరొకరు ఫోన్ చేసి "మా మనిషి వచ్చారా, ఎంతసేపు మాట్లాడారు" అని కనుక్కోవాలి. "రెండో రోజుకే పులిసిపోతుంది" లాంటి, సరుకుని తప్పుపట్టే వాక్యాల అంకెల్ని తిప్పడం (5ని 1గా, 4ని 2గా మార్చడం) మర్చిపోవద్దు: 5 పాయింట్లకి 6లోంచి, 7 పాయింట్లకి 8లోంచి తీసేస్తే సరి. అనేక వాక్యాల్ని కలిపి ఒక స్కోరు చెయ్యాలంటే క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే ఆ వాక్యాలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చెప్పే అంకె, చూడండి. 0.7 పైన ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. మరీ తక్కువైనా రుణసంఖ్య వచ్చినా ముందు తిప్పని వాక్యం ఏదైనా ఉందేమో వెతకండి.

సగటు దాచేవి

ముందు ప్రతి ప్రశ్నకీ ఒట్టి లెక్క, శాతం. సగటుకి తొందరొద్దు. రెండు రకాల పిండికి వందేసిమంది ఇచ్చిన రేటింగులు ఇలా ఉన్నాయనుకుందాం:

మొదటి రకం: 5 ఇచ్చినవారు 10, 4 ఇచ్చినవారు 35, 3 ఇచ్చినవారు 40, 2 ఇచ్చినవారు 15, 1 ఇచ్చినవారు లేరు.
రెండో రకం: 5 ఇచ్చినవారు 40, 4 ఇచ్చినవారు 15, 3 ఇచ్చినవారు 10, 2 ఇచ్చినవారు 15, 1 ఇచ్చినవారు 20.

రెంటికీ సగటు సరిగ్గా 3.40. కానీ ప్రామాణిక విచలనం (జవాబులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) మొదటిదానికి 0.86, రెండోదానికి 1.59. పై రెండు గడులు కలిపితే 45, 55. కింది రెండూ కలిపితే 15, 35. మొదటి పిండి ఎవర్నీ ఏడిపించదు, ఎవర్నీ కట్టిపడెయ్యదు. రెండోదానికి వెర్రి అభిమానులు 40 మంది, మళ్ళీ ముట్టనివాళ్ళు 20 మంది ఉన్నారు. కొత్తగా మార్కెట్లోకి వచ్చే చిన్న సంస్థకి రెండోదే పనికొచ్చే సరుకు కావచ్చు. ఆ 40 మంది ఎవరో తెలుసుకుంటే చాలు. సగటు ఒక్కటే రాసిన రిపోర్టులో ఈ సంగతి మాయమైపోతుంది.

రూపాయల దగ్గర మధ్యగతం తప్పనిసరి. వారం ఖర్చు 60, 70, 80, 90, 1,000 అయితే సగటు 260, మధ్యగతం 80. ఆ 1,000 తప్పు ఎంట్రీ కాకపోవచ్చు, మెస్ నడిపే ఇల్లు కావచ్చు. అలాంటిదాన్ని కొట్టెయ్యకుండా విడిగా చూపించండి.

ఎన్‌పీఎస్ గురించి ఒక మాట. "దీన్ని తెలిసినవాళ్ళకి సిఫారసు చేస్తారా?" అన్న ప్రశ్న మీద నడిచే ఈ నెట్ ప్రమోటర్ స్కోరు 2003 నుంచి ప్రచారంలో ఉంది; ఇందులో 0–10 స్కేలు మీద 9, 10 ఇచ్చినవాళ్ళ శాతంలోంచి 0 నుంచి 6 దాకా ఇచ్చినవాళ్ళ శాతం తీసేస్తారు. పై గుంపు 40 శాతం, కింది గుంపు 25 శాతం ఉంటే స్కోరు 15. 200 మంది శాంపిల్‌కి దీని దోషం సుమారు ±11. అంటే పోయిన మూడు నెలల్లో 15, ఈ మూడు నెలల్లో 9 వచ్చిందని మీటింగు పెట్టాల్సిన పని లేదు.

తేడా ఉన్నట్టా, లేనట్టా

మొదట గీసిన ఖాళీ పట్టిక ఇప్పుడు నిండింది అనుకుందాం. ఉద్యోగం చేసేవారు వంట చేసే ఇళ్ళు 80, వాటిలో గత వారం పిండి కొన్నవి 44. మిగతా ఇళ్ళు 120, కొన్నవి 48. శాతాలు ఎటువైపు తియ్యాలన్నది ముఖ్యం: ప్రభావం చూపుతుందని మనం అనుకునే గుంపుని 100గా తీసుకోవాలి. అంటే 55 శాతం, 40 శాతం. తిరగేసి "కొన్నవాళ్ళలో 48 శాతమే ఉద్యోగస్తులు" అంటే అసలు సంగతి తలకిందులవుతుంది.

ఇప్పుడు కై స్క్వేర్, అంటే ఈ తేడా కేవలం యాదృచ్ఛికమా కాదా అని చూసే పరీక్ష. మొత్తం మీద 200లో 92 కొన్నారు, అంటే 46 శాతం. ఉద్యోగానికీ కొనడానికీ సంబంధమే లేకపోతే రెండు గుంపుల్లోనూ 46 శాతం ఉండాలి: 80లో 36.8, 120లో 55.2. కొననివాళ్ళు 43.2, 64.8. నిజంగా వచ్చినదానికీ దీనికీ తేడా నాలుగు గడుల్లోనూ 7.2. ఆ తేడా వర్గాన్ని, అంటే 51.84ని, ఒక్కో ఊహించిన అంకెతో భాగించి నాలుగూ కలిపితే 4.35. రెండు వరసలు, రెండు కాలమ్‌ల పట్టికకి 5 శాతం స్థాయిలో (అసలు సంబంధం లేకపోయినా 5 శాతం సార్లే దాటే) గీత 3.84. దాటింది కాబట్టి తేడా యాదృచ్ఛికం కాదంటాం. ఎక్సెల్ కై స్క్వేర్ ఫంక్షన్‌కి ఈ ఊహించిన పట్టికని మనమే తయారుచేసి ఇవ్వాలి. అది నేరుగా పీ విలువ (అసలు సంబంధం లేకపోయినా ఇంత తేడా రావడానికి ఉన్న అవకాశం) చెబుతుంది, ఇక్కడ 0.04కి కొంచెం లోపు.

ఇక్కడితో ఆగితే సగం నిజమే. ఇలాంటి చిన్న పట్టికకి కొందరు వాడే ఏట్స్ సవరణ (కై స్క్వేర్ విలువని కొంచెం తగ్గించే జాగ్రత్త) చేస్తే అదే విలువ 3.76కి దిగి గీత కింద పడుతుంది. రెండు శాతాల మధ్య తేడా 15 పాయింట్లే అయినా దాని 95 శాతం హద్దులు (నిజమైన తేడా ఉండొచ్చని 95 శాతం నమ్మకంతో చెప్పగల పరిధి) లెక్కకడితే 1 నుంచి 29 దాకా వస్తాయి. అంటే ఉద్యోగస్తుల ఇళ్ళలో కొనుగోలు ఎక్కువే, కానీ ఒక పాయింటు ఎక్కువో దాదాపు ముప్పయ్యో ఈ సర్వే చెప్పలేదు. ప్రచారం అటు మళ్ళించడానికి ఇది చాలు. ఆటో కొని అపార్ట్‌మెంట్లకి రోజూ సరఫరా పెట్టడానికి చాలదు. డబ్బు పెట్టే మనిషికి పీ విలువ కంటే ఈ హద్దులే చూపించాలి.

ఊహించిన అంకెలు ఐదో వంతు కంటే ఎక్కువ గడుల్లో 5 కంటే తక్కువుంటే కై స్క్వేర్ వాడొద్దు. పక్కపక్క వర్గాల్ని అర్థం చెడకుండా కలపండి, లేదా చిన్న అంకెలకి పనికొచ్చే ఫిషర్ పరీక్ష చెయ్యండి. రెండు గుంపుల రేషియో డేటా సగటుల్ని పోల్చడానికి టీ పరీక్ష. ఇరవై పట్టికలు పరీక్షిస్తే, ఎక్కడా అసలు తేడా లేకపోయినా ఒకటి దానంతటదే గీత దాటే అవకాశం ఉంది. అందుకే మొదట గీసుకున్న పట్టికల ఫలితాన్నీ తర్వాత తవ్వితే దొరికినదాన్నీ రిపోర్టులో వేర్వేరుగా రాయాలి.

శాంపిల్లో ఉద్యోగస్తుల ఇళ్ళు 40 శాతం, నగరంలో నిజంగా 25 శాతమే అని నమ్మదగ్గ లెక్క దొరికిందనుకోండి. అప్పుడు ఆ ఇళ్ళకి 25/40, అంటే 0.625 వెయిటు (ఒక్కో ఇంటిని ఎన్ని ఇళ్ళుగా లెక్కించాలో చెప్పే అంకె), మిగతావాటికి 75/60, అంటే 1.25. మొత్తం కొనుగోలు 46 శాతం నుంచి సుమారు 44కి దిగుతుంది. వెయిటు ఏదైనా 3 దాటుతోందంటే ఫీల్డులో ఆ గుంపు ఇళ్ళు చాలా తక్కువ దొరికాయన్నమాట. అంకెతో అతుకు వెయ్యడం కంటే మళ్ళీ వెళ్ళి ఇంకొన్ని ఇళ్ళు అడగడం మంచిది.

రిపోర్టు

ప్రతి పట్టిక కింద అడిగిన ప్రశ్న యథాతథంగా, ఎంతమంది జవాబిచ్చారు, ఏ తేదీల మధ్య, ఎలా అడిగారు అన్నవి ఉండాలి. 200 మంది శాంపిల్‌కి 46.37 శాతం అని రాయకండి; దోషం ±7 ఉన్నచోట దశాంశాలు రాస్తే లేని ఖచ్చితత్వాన్ని నటించినట్టే. గుంపులో 30 మంది కంటే తక్కువుంటే శాతం బదులు "18 మందిలో 7గురు" అని రాయండి. ఒకటికి మించి జవాబులున్న ప్రశ్నలో శాతాలు కలిపితే 100 దాటుతాయని పట్టిక కిందే చెప్పండి, లేకపోతే చదివే మొదటి మనిషే లెక్క తప్పంటాడు. బార్ చార్టు నిలువు గీత సున్నా నుంచి మొదలవ్వాలి. 35 నుంచి మొదలుపెడితే 55, 40 మధ్య తేడా నాలుగు రెట్లలా కనిపిస్తుంది.